పుస్తకంలో పెట్టిన వేలు

ఆమెకి బావ పెట్టిన పేరు చీపురు. ఎవరి కంప్యూటర్ ముందు కూర్చున్నా ఊడ్చి తుడిచి గాని లేవదని ఆ పేరు. ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి ఆమె మెట్లెక్కి వచ్చేసరికి బావ గుమ్మంలోనే నిలబడి, మూడు గదులకీ వినపడేలా, "మా చీపురొచ్చింది! ఇంక ఎవరి చెత్త వాళ్ళు దాచుకోండి," అని అరిచాడు.

"చీపురు కావాలని కబురు పెట్టింది మా అక్క. చెత్త ఎవరిదో మీకే బాగా తెలుసు బావా," అంది ఆమె, భుజాన సంచి దించకుండానే.

"మీ అక్క లెక్కలో ఈ ఆఫీసులో మొదటి చెత్త నేనే."

"అక్క అబద్ధం ఆడదు."

మందుల దుకాణం మీద మూడు గదుల ఆఫీసు అది. పుస్తకాల చివర వచ్చే పదసూచికలు తయారుచేయడం వాళ్ళ పని. ఏ మాట ఏ పేజీలో ఉందో వెతుక్కునే పాఠకుడికి ఆ చివరి పేజీలే దిక్కు. వాటిని కూడా ఎవరో కూర్చుని రాశారన్న ఆలోచన మాత్రం ఏ పాఠకుడికీ రాదు. ఆ వారం వాళ్ళ చేతిలో ఉన్నది పంటల తెగుళ్ళ మీద రెండు సంపుటాల పుస్తకం. దాని సూచికని పిన్ని ఐదు వారాలు కూర్చుని తయారుచేసింది. సాయంత్రం నాలుగింటికల్లా అది ప్రెస్సుకి చేరాలి. చేరకపోతే పుస్తకం సూచిక లేకుండానే అచ్చయిపోతుందని ప్రచురణకర్త ముందే చెప్పేశాడు.

పిన్ని అంటే బావకి స్వయానా పిన్ని. ఆఫీసులో అందరికీ, కింద మందుల దుకాణం వాళ్ళకీ కూడా పిన్నే. అరవై దాటింది. కుడి కంట్లో చూపు సగమే. అందుకే ఆమె ఈ రోజుల్లో ఎవరూ వాడని పద్ధతిలో పనిచేస్తుంది: నల్లటి తెర మీద పెద్ద పెద్ద తెల్లని అక్షరాలు, బొమ్మలు లేవు, మౌసుతో పని లేదు, ఏం కావాలన్నా టైపు చేసి అడగడమే. కంప్యూటర్ వాళ్ళు దాన్ని టెర్మినల్ అంటారు. పిన్ని మాత్రం "నా పలక" అంటుంది.

పెద్ద కంపెనీలో యంత్రాలని కనిపెట్టుకుని ఉండే చీపురుకి కూడా అదే లోకం. పదకొండేళ్ళుగా రోజులో సగం ఆ నల్ల కిటికీలోనే గడుపుతోంది. మౌసు పట్టుకుని బొమ్మల మీద నొక్కేవాళ్ళని చూస్తే ఆమెకి, నోరుండీ మాట్లాడకుండా వేలితో చూపించి అది కావాలి ఇది కావాలి అనేవాళ్ళలా కనిపిస్తారు. తన కిటికీలో మాట ఉంది. అడిగితే జవాబుంది. మనుషుల దగ్గర ఒక మాట అన్నాక దాని వెనక ఏం అర్థం తీసుకున్నారో అని రెండు రోజులు నలిగిపోయే మనిషి ఆమె. ఇక్కడ ఆ బాధ లేదు. అన్నది అన్నట్టే అర్థమవుతుంది.

ఆ కిటికీని ఆమె తన ఒంటికి కుట్టించుకున్న బట్టలా మార్చుకుంది. అందుకు ఒక సెట్టింగుల ఫైలుంది, నాలుగు వందల పై చిలుకు వరుసలు. అందులో ఒక్కో వరుస వెనక ఒక్కో చిరాకు తీరిన కథ ఉంది. పొడుగాటి దారులు టైపు చేయలేక, రెండక్షరాలు కొడితే కావలసిన ఫోల్డరులోకి దూకే పనిముట్టు పెట్టుకుంది. ఎప్పుడో వాడిన ఆదేశం సగమే గుర్తుంటే ఆ సగాన్ని ఇచ్చి మొత్తాన్ని తవ్వి తీసే పనిముట్టు ఇంకొకటి. ఫైళ్ళ జాబితా అడిగితే రంగురంగుల్లో, ఏది ఎంత బరువో, ఎప్పటిదో పక్కనే కనిపిస్తుంది. వీటన్నిటిలోకీ ఆమెకి ముద్దు బిడ్డ మాత్రం చెరిపేసే ఆదేశం.

టెర్మినల్లో ఫైలుని చెరపడానికి రెండే అక్షరాలు: ఆర్, ఎమ్. ఆ రెండూ కొట్టి పేరు చెబితే ఫైలు పోతుంది. అడగదు, హెచ్చరించదు, తిరిగి ఇవ్వదు. ఉద్యోగంలో చేరిన తొలి నెలలో ఆమె అలా ఒకటి పోగొట్టి, నలుగురిలో తలవంచుకుని నిలబడింది. ఆ సాయంత్రమే కూర్చుని ఆ రెండక్షరాల అర్థాన్నే మార్చేసింది. అప్పటినుంచి ఆమె దగ్గర ఆర్, ఎమ్ కొడితే ఫైలు పోదు. ఒక చెత్తబుట్టలోకి వెళ్ళి నెల రోజులు ఉంటుంది. పైగా కింద ఒక వరుసలో 'బుట్టలో వేశాను' అని జవాబు వస్తుంది. ఆ వరుస చూసినప్పుడల్లా ఎవరో వెన్ను మీద చెయ్యి వేసి, ఏం పర్లేదు అన్నట్టుండేది. పదకొండేళ్ళలో ఆ చెయ్యి లేని రోజు లేదు.

పొద్దున ఆమె ఒక కాగితం మీద ఆ రోజు పనులు మూడు రాసి గోడకి అంటించింది. ఒకటి, టెర్మినళ్ళని సుఖంగా వాడుకునేలా మార్చడం. రెండు, ఫైళ్ళు సర్దడం. మూడు, రోజూ దానంతట అదే ఇంకో చోటికి నకలు వెళ్ళే ఏర్పాటు.

బావ కళ్ళద్దాలు పైకి తోసుకుని చదివాడు. "మూడోది మొదట ఉండాలేమో కదే. మేం నెలకోసారి నకలు తీస్తాం, అదీ నాకు గుర్తుంటే."

"ఇల్లు సర్దకుండా తాళం ఎందుకు బావా? చెత్తకి కూడా కాపలా పెడతారా?"

"ఏమో తల్లీ. తాము పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే వంశం మీది. నేను పెళ్ళయిన నాడే ఒప్పేసుకున్నా," అంటూ బావ తన గదిలోకి వెళ్ళిపోయాడు.

ఆమె నవ్వుకుని పిన్ని పక్కకి కుర్చీ లాక్కుంది. సంచిలోని డ్రైవులోంచి తన సెట్టింగుల ఫైలుని తీసి పిన్ని ఖాతాలో పెట్టింది. అప్పుడు చూసింది, పిన్ని తెర మీద ఒకదాని మీద ఒకటి తొమ్మిది కిటికీలు తెరిచి ఉన్నాయి.

"ఇవన్నీ ఏంటి పిన్నీ?"

"నేనున్న చోట్లు."

"అంటే?"

"పుస్తకం చదువుతూ ఎవరో పిలిస్తే ఏం చేస్తావు? పేజీలో వేలు పెట్టి లేస్తావుగా. అదే ఇది. ఇదిగో, ఇక్కడ 'ఆకుమచ్చ' దగ్గర ఆగాను. ఇక్కడ 'వేరుకుళ్ళు'. ఇది మొదటి సంపుటం."

"తొమ్మిది వేళ్ళా?"

"పది ఉన్నాయి నాకు. ఒకటి ముక్కు గోక్కోడానికి ఉంచుకున్నా."

ఆమెకి నవ్వొచ్చింది గాని ఒప్పుకోవాలనిపించలేదు. తెరిచి వదిలేసిన వస్తువు ఏది చూసినా ఆమెకి లోపల ఎక్కడో దురదగా ఉంటుంది. మూత పెట్టని పెన్ను, సగం తెరిచిన సొరుగు, సగంలో ఆగిన మాట. అది తన జబ్బని ఆమెకి తెలుసు. తెలిసిన జబ్బుని క్రమశిక్షణ అని పిలుచుకోవడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది.

"ఇలా వదిలేయకూడదు పిన్నీ. చూడటం అయిపోగానే క్యూ అక్షరం ఒక్కసారి నొక్కండి, మూసుకుంటుంది. అలవాటు చేసుకోండి, తెర హాయిగా ఉంటుంది."

పిన్ని బుద్ధిగా క్యూ నొక్కింది. ఒకటి మూసుకుంది. మళ్ళీ నొక్కింది. చిన్నప్పుడు పలక తుడిచినంత సంబరంగా ఏడు కిటికీలు మూసింది. ఇంక రెండు మిగిలాయి. ఒకటి ఆదేశాలు కొట్టుకునే ఖాళీ కిటికీ. రెండోది సూచిక మొత్తాన్ని పేజీ పేజీగా చూపించే కిటికీ.

"ఈ ఒక్కటీ ఉండనీ అమ్మాయ్. చివరిసారి చదువుతున్నాను. 'బూజు' దాకా వచ్చాను."

"ఎక్కడున్నారో గుర్తు పెట్టుకోవడానికి వేరే పద్ధతి ఉంది, నేను నేర్పిస్తా."

"నేర్పుదువుగాని. ముందు ఉండనీ."

సరేనని ఊరుకుంది. పోతూ పోతూ ఒక ముచ్చట చూపించింది: ఫైల్లో ఎన్ని వరుసలున్నాయో చిటికెలో లెక్కపెట్టే ఆదేశం. ఫైలు పేరు పిన్నే కొట్టుకుంది. తెర మీద పదకొండు వేల నాలుగు వందల ఆరు అని వచ్చింది. పిన్ని ఆ అంకెని చాలాసేపు చూసింది.

"ఇన్ని చేశానా నేను?"

"చేశారు."

"మొన్న మా ఆయన, ఐదు వారాలుగా ఏం చేస్తున్నావని అడిగితే చెప్పలేకపోయాను. ఇవాళ చెబుతా."

పన్నెండున్నరకి పిన్ని భోజనానికి వెనక గదిలోకి వెళ్ళింది. చీపురు ఆమె కుర్చీలో కూర్చుంది. మొదటి పని అయిపోయింది, ఇది రెండోది. సూచిక ఫోల్డరు తెరిచి జాబితా అడిగింది.

ఇరవై మూడు ఫైళ్ళు. వాటి పేర్లు చూస్తే ఎవరికైనా నవ్వు రావాల్సిందే. సూచిక. సూచిక-కొత్త. సూచిక-చివరిది. సూచిక-అసలు-చివరిది. సూచిక-ఇదే-చివరిది. సూచిక-దేవుడా-చివరిది. ఆమె నవ్వింది కూడా. ఆ నవ్వులో ఒక చిన్న విషయం జారిపోయింది. జాబితాకి రంగులు రాలేదు. ఎంత బరువో, ఎప్పటిదో పక్కన కనిపించలేదు. ఉత్త పేర్లు, కొత్తవి పైన, పాతవి కింద. పిన్ని తెర పాతది కదా, రంగులు పట్టవేమో అనుకుంది. అనుకుందనడం కూడా పెద్ద మాటే. ఆ ఆలోచన వచ్చి, కూర్చోకుండానే వెళ్ళిపోయింది.

అన్నిటికంటే పైన ఉన్నది, అంటే కొత్తది, 'సూచిక-పంపవలసినది'. పేరే చెబుతోంది. దాన్ని తీసి వేరే ఫోల్డరులో భద్రంగా పెట్టింది. పిన్నిని ఒక మాట అడుగుదామా అనిపించింది. తింటున్న మనిషిని లేపడం దేనికి? తప్పయితే మాత్రం ఏం, బుట్టలో నెల రోజులుంటాయి. మిగిలిన ఇరవై రెండిటి మీదా ఆర్, ఎమ్ కొట్టి ఎంటర్ నొక్కింది.

తెర ఏమీ అనలేదు.

'బుట్టలో వేశాను' అని రావాలి. రాలేదు. కర్సర్ కొత్త వరుసలో మెరుస్తూ, ఇంకేం కావాలి అన్నట్టు నిలబడింది. ఆమె ఒక్క క్షణం అర్థం కాక చూసింది. తర్వాత అర్థం ఒక్కసారి కాదు, మెట్టు మెట్టుగా వచ్చింది. సెట్టింగులు పొద్దున పెట్టింది. నిజమే. కానీ సెట్టింగులని ఏ కిటికీ అయినా తెరుచుకునేటప్పుడు ఒక్కసారే చదువుకుంటుంది. ఈ కిటికీ నిన్నటిది. తను రాకముందు తెరిచింది. దీనికి తన సంగతే తెలియదు. దీనికి ఆర్, ఎమ్ అంటే ఆర్, ఎమ్ మాత్రమే.

బుట్ట వెతికింది. బుట్టే లేదు. భద్రంగా దాచిన 'పంపవలసినది' తెరిచింది. నలభై వరుసలు. నిన్న ప్రచురణకర్తకి అక్షరాల సైజు చూపించడానికి పిన్ని కత్తిరించి పంపిన నమూనా అది.

తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయింది. పక్క గదిలో బావ ఫోనులో ఎవరితోనో, "అంతా అయిపోయిందండీ, నాలుగింటికి కాదు, మూడింటికే పంపుతాం" అంటున్నాడు. ఆయన కొంతసేపు నవ్వాడు కూడా.

తనని తాను దూరం నుంచి చూడటం ఆమెకి అలవాటు. ఇప్పుడూ అలాగే చూసుకుంది. ఒక లోపలి మనిషి అప్పుడే సాకులు పోగుచేస్తోంది: యంత్రం పాతది, ఫైళ్ళ పేర్లు అలా పెడతారా ఎవరైనా, నకళ్ళు తీసుకోవద్దూ? ఆ మనిషిని ఆమె ఎరుగును. పదకొండేళ్ళ కిందట తలవంచుకుని నిలబడ్డ పిల్ల అది. బుట్ట కట్టింది ఫైళ్ళని కాపాడటానికి అనుకుంది ఇన్నాళ్ళూ. కాదు, ఆ పిల్లని కాపాడటానికి. ఆ పిల్ల మళ్ళీ ఎప్పుడూ భయపడకుండా ఉండాలని అంత మెత్తటి గది కట్టింది. భయం లేని చేతులు చూడటం మానేస్తాయని అప్పుడు తట్టలేదు.

"సరే. ఇప్పుడు ఏడవకు. ఏముందో చూడు," అని గొణుక్కుంది.

బావ తీసిన పోయిన నెల నకలు చూసింది. మూడు వేల వరుసలు. మిగతా ఎనిమిది వేల పై చిలుకు అందులో లేవు. చెరిగిన చోటులోంచి గాలించి తీసే పద్ధతులున్నాయి గాని, గంటల పని. దొరుకుతుందన్న హామీ లేదు. టైము ఒంటి గంట కావస్తోంది.

అప్పుడే పిన్ని వచ్చింది, తడిచేతులు చీర కొంగుకి తుడుచుకుంటూ. "ఏమ్మాయ్, తినలేదేం? ముఖం అలా పాలిపోయిందేం?" అంటూ వెనక నిలబడి, ఆమె భుజం మీదుగా తెరలోకి వంగింది. "అయ్యో, నా కిటికీ ఇంకా తెరిచే ఉంది. నువ్వు చెప్పాక కూడా. అన్నం తింటున్నంతసేపూ అదే అనుకున్నా, పిల్ల అంత శ్రద్ధగా నేర్పిస్తే నేను మొండికేశానని. ఉండు, మూసేస్తా."

పిన్ని మీట నొక్కి వెనక ఉన్న కిటికీని ముందుకి తెచ్చింది. 'బూజు తెగులు' అన్న మాట, దాని కింద పేజీల అంకెలు, దాని కింద మరో మాట. పెద్ద పెద్ద తెల్లని అక్షరాలు. పిన్ని వేలు క్యూ వైపు దిగింది.

"ముట్టుకోకండి!"

ఆమె పిన్ని మణికట్టు పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. పిన్ని గాజులు ఆమె వేళ్ళకి గుచ్చుకున్నాయి. వేలికీ మీటకీ మధ్య బెత్తెడు దూరం లేదు.

"ఏమైందే?"

ఆమె పిన్ని చేతిని మెల్లగా వెనక్కి తెచ్చి కుర్చీ వీపు మీద పెట్టింది. అబద్ధం ఒకటి నాలుక చివరి దాకా వచ్చింది: ఏం లేదు పిన్నీ, చిన్న పని ఉంది, పది నిమిషాలు బయట కూర్చోండి. ఆ పది నిమిషాల్లో అంతా సరిచేయవచ్చు, ఎవరికీ తెలియదు. ఆ దారి ఎంత సాఫీగా ఉందో చూసి ఆమెకే ఆశ్చర్యమేసింది. ఇంకో మెత్తటి గది.

"పిన్నీ, మీ సూచిక నేను చెరిపేశాను," అంది.

"ఏ సూచిక?"

"మొత్తం. ఇరవై రెండు ఫైళ్ళూ. పాతవనుకున్నాను. మిమ్మల్ని అడగాల్సింది, అడగలేదు."

పిన్ని తెర వైపు చూసింది. "మరి అది కనిపిస్తోందిగా?"

"అదే చెబుతున్నా. కూర్చోండి. ఆ కీబోర్డు మాత్రం ముట్టుకోకండి." ఇంకో కుర్చీ లాగి పిన్నిని కూర్చోబెట్టింది. తన గొంతు మామూలుగా ఉందని గమనించింది. పని దొరికితే ఆమె గొంతు ఎప్పుడూ మామూలుగానే ఉంటుంది. "మీరు సూచికలో ఒక మాట కొట్టేశారనుకోండి. లోపల పేజీ చిరిగిపోతుందా?"

"ఎందుకు చిరుగుతుంది? పేజీ ఉంటుంది. వెతుక్కునే దారి పోతుందంతే."

"యంత్రం కూడా అంతే. నేను కొట్టేసింది పేరు. పేరు పోయాక, ఆ పేజీ ఎవరికీ అక్కర్లేదనుకుంటే యంత్రం దాన్ని చింపేస్తుంది. కానీ ఎవరైనా దాన్ని తెరిచి చూస్తూ ఉన్నారా, వాళ్ళు వదిలేదాకా ఆగుతుంది. దానికి అంత మర్యాద ఉంది."

పిన్ని ఆలోచించింది. పదాల వెనక పేజీలు వెతకడమే ముప్పై ఏళ్ళుగా ఆమె పని. అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"అంటే నేను పేజీలో వేలు పెట్టి ఉంచాను కాబట్టి..."

"కాబట్టి ఉంది."

"ఇప్పుడు ఆ క్యూ నొక్కి ఉంటే?"

"పోయేది."

పిన్ని తన కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది. "అయితే కానీ. నేను ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటా."

ఈలోగా బావ గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. "ఏంటి, అత్తాకోడళ్ళు టీవీ చూస్తున్నట్టు కూర్చున్నారు? ఫైలు పంపారా?"

"బావా, ఫైలు నేను చెరిపేశాను. తీస్తున్నా. పావుగంట మాట్లాడకండి."

బావ నోరు తెరిచాడు. పిన్ని వెనక్కి తిరగకుండానే, "ఆ స్విచ్చి బోర్డు దగ్గర నిలబడకు నాయనా. ఇవతలికి రా. రెండడుగులు. ఆఁ, అక్కడే ఉండు," అంది. బావ బడిలో పిల్లాడిలా జరిగి నిలబడ్డాడు.

ఆమె ఖాళీ కిటికీలోకి వెళ్ళింది. ఇప్పుడు తన రంగులు లేవు, దూకే పనిముట్లు లేవు, వెన్ను మీద చెయ్యి లేదు. అందరికీ ఉండే మామూలు ఆదేశాలే ఉన్నాయి. ఎవరెవరు ఏ ఫైలు పట్టుకుని కూర్చున్నారో చెప్పే ఆదేశం ఒకటుంది. ఏడాదికోసారి కూడా వాడదు. అక్షరం అక్షరం చూసుకుంటూ కొట్టింది. పొడుగాటి జాబితా వచ్చింది. అందులో 'చెరిగినది' అన్న ముద్ర ఉన్నవి మాత్రమే ఏరమంది. ఒక్క వరుస మిగిలింది. పేజీ పేజీగా చూపించే ఆ కిటికీ, దానికి యంత్రం ఇచ్చిన అంకె, చివర్లో పేరు: సూచిక-దేవుడా-చివరిది.

"ఇదా అసలుది?"

"అదే. విసుగొచ్చి అలా పెట్టా," అంది పిన్ని సిగ్గుపడుతూ.

"దేవుడు విన్నట్టున్నాడు," అన్నాడు బావ వెనకనుంచి.

"మిమ్మల్ని మాట్లాడొద్దన్నాను."

ప్రతి కిటికీ తన చేతిలో పట్టుకున్నవాటిని యంత్రం ఒక మూల వరుసగా పెట్టి ఉంచుతుంది. ఆ మూల ఎక్కడో తెలిసినవాళ్ళు అక్కడికి వెళ్ళి, పేరు లేకపోయినా, చేతిలో ఉన్న వస్తువుకి నకలు తీసుకోవచ్చు. ఆమె నకలు తీసే ఆదేశం రాసింది. ఎంటర్ నొక్కే ముందు వేళ్ళు మీటల మీంచి తీసి, రాసినదాన్ని మొదటినుంచి చివరిదాకా చదివింది. మళ్ళీ చదివింది. ఇంత నిదానంగా ఒక ఆదేశాన్ని ఆమె చదివి ఎన్నేళ్ళయిందో. ప్రతి అక్షరం ఏం చేస్తుందో తెలుసు. అది ఆ చెత్తబుట్ట ఇచ్చిన ధైర్యం లాంటిది కాదు. కాళ్ళకింద నేల ఉన్నట్టు అనిపించే ధైర్యం.

నొక్కింది. తెర ఏమీ అనలేదు. ఈసారి ఆ మౌనం ఆమెని భయపెట్టలేదు. ఈ కిటికీ మాట తీరే అంత. పని అయిపోతే కబుర్లు చెప్పదు.

"వచ్చిందా?" అంది పిన్ని.

"లెక్కపెట్టండి. పొద్దున నేర్పించాగా, మీరే చెప్పండి ఏం కొట్టాలో."

పిన్ని చెప్పింది. ఆమె కొట్టింది. తెర మీద అంకె వచ్చింది.

"పదకొండు వేల నాలుగు వందల ఆరు," అని పిన్ని బయటికి చదివింది. ఇంకోసారి, ఒక్కో అంకెని వేలితో గాల్లో తడుముతూ చదివింది. తర్వాత కళ్ళద్దాలు తీసి, తుడవాల్సిన అవసరం లేకపోయినా తుడిచింది.

ఆమె ఇంకో నకలు తన సంచిలోని డ్రైవులోకి తీసింది. మూడోది బావ యంత్రంలోకి పంపింది. రెండున్నరకి సూచిక ప్రెస్సుకి వెళ్ళింది. ప్రెస్సు నుంచి 'అందింది' అని జవాబొచ్చాక గాని ఎవరూ లేవలేదు. అప్పుడు మాత్రం బావ ఆగలేకపోయాడు.

"చీపురంటే ఏంటో అనుకున్నా. ఇల్లు ఊడ్చి ఇల్లే బయట పారబోస్తుందని తెలీదు."

"అనండి బావా. ఇవాళ మీకు హక్కుంది. రేపటినుంచి చెల్లదు."

"మీ అక్కకి చెప్పనా?"

"నేనే చెబుతా. మీరు చెబితే పదకొండు వేలు లక్ష అవుతుంది."

ఆమె గోడ మీది కాగితం తీసి, మూడోదాన్ని కొట్టేసి పైన మళ్ళీ రాసింది, అంకె ఒకటి వేసి. నకళ్ళ ఏర్పాటు నాలుగింటికి పూర్తయింది. ఒకసారి నడిపించి, వెళ్ళిన నకలుని తిరిగి తెచ్చి, లెక్కపెట్టించి చూసింది.

ఆ తర్వాత సెట్టింగుల ఫైలు తెరిచింది. నాలుగు వందల పై చిలుకు వరుసల్లో ఆర్, ఎమ్ అర్థాన్ని మార్చే వరుస దగ్గర ఆగింది. బుట్టని తీసేయలేదు. అది మంచిదే. దాని పేరు మార్చింది. ఇకమీదట బుట్టలో వేయాలంటే 'బుట్ట' అనే కొట్టాలి. ఆ పేరు తెలియని కిటికీలో కొడితే, ఈ మాట నాకు రాదు అంటుంది, అంతే. దేన్నీ చెరపదు. ఆర్, ఎమ్ మళ్ళీ తన పుట్టుకతో వచ్చిన అర్థంతోనే ఉంటుంది, పదును దాచుకోకుండా. ఎక్కడికి వెళ్ళినా ఒకేలా. పదకొండేళ్ళ కిందటి పిల్ల ఒకసారి తలెత్తి చూసింది. కత్తిని కత్తిలా పట్టుకోవడం ఇప్పుడు వచ్చులే అని ఆ పిల్లకి చెప్పుకుంది.

పిన్ని ఇంకా అక్కడే ఉంది. 'బూజు' కిటికీ ఇంకా తెరిచే ఉంది.

"ఇప్పుడు మూయొచ్చా?"

"మూయొచ్చు పిన్నీ. ఏం పోదు."

పిన్ని వేలు మీట దాకా తీసుకెళ్ళి ఆపింది. "నువ్వు పొద్దున వేరే పద్ధతి ఏదో నేర్పిస్తానన్నావు. ఎక్కడున్నానో గుర్తు పెట్టుకోవడానికి."

"అన్నాను."

"అది నేర్చుకున్నాక మూస్తా. ఇంకా 'బూజు' దగ్గరే ఉన్నాగా, చదవడం పూర్తికాలేదు. ప్రెస్సుకి పంపేసినా సరే, తప్పులుంటే నాకు తెలియాలి."

ఆమెకి దురద పుట్టింది, ఎప్పటిలాగే. తెరిచి ఉన్న సొరుగు లాంటి ఆ కిటికీ వైపు చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, "సరే, మీరు చదవండి. నేను అంకెలు సరిచూస్తా. 'బూజు తెగులు', తర్వాతేంటి?" అంది.